తాత కిరసనాయిలు పళ్ళెం నుంచి ఎర్ర నూనె దాకా: మా ఇంటి కార్ల గాలి ఫిల్టర్లు

2023 వేసవిలో మా ఇంట్లో ఒక తగవు వచ్చింది. ఆస్తుల తగవు కాదు లెండి, కారు తగవు. నాయన 1993లో కొన్న తెల్ల మారుతి 800ని ఇంకా ఉంచుకోవాలా, తుక్కుకి ఇచ్చేయాలా అని. పదిహేనేళ్ళు నిండిన కారుకి ఐదేళ్ళకొకసారి ఆర్.సి. రెన్యూ చేయించాలి కదా. 2008లో, 2013లో, 2018లో ఆ పని ఎప్పుడైందో కూడా మాకు గుర్తులేదు, అంత సులువుగా అయిపోయింది. ఈసారి లెక్క వేరు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. పెరిగితే పెరిగింది, కట్టేద్దాం అనుకునేలోపే ఎమిషన్ టెస్టులో బండి ఫెయిలైంది.

మా నాయనకి మోకాళ్ళ ఆపరేషన్ అయింది. ఆ కారు నడపడం మానేసి నాలుగేళ్ళు. కానీ రోజూ పొద్దున కాఫీ తాగినాక గేటు దగ్గరికి వెళ్ళి, బండి స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు లోపల కూర్చుంటాడు. ఆదివారం మాలో ఎవరో ఒకరం నడిపితే పక్కన కూర్చుని మల్లేశ్వరం ఎనిమిదో క్రాసు దాకా వచ్చి కూరగాయలు కొనుక్కుంటాడు. టెస్టు కాగితం చూసి ఆయన ఏమీ అనలేదు. "ఫిల్టరు చూసినారా?" అని మాత్రం అడిగాడు.

ఎవరమూ చూడలేదు. అక్కడ మొదలైన వెతుకులాట మమ్మల్ని ఒక రబ్బరు అంచున్న గుండ్రటి సామాను దాకానే కాదు, తాత కాలం దాకా తీసుకుపోయింది. ఇదివరకు ఇక్కడ అవ్వ ఇత్తడి సామాను గురించీ హిందూపురం ఇంటి గురించీ రాశాం. కారు ఫిల్టరు గురించి రాయడమేంటని మీరనుకోవచ్చు. చదివి చూడండి.

మా తాత 1955లో జాలహళ్ళి హెచ్.ఎం.టి.లో చేరడానికి హిందూపురం నుంచి వచ్చాడు. ఫ్యాక్టరీ పెట్టి అప్పటికి రెండేళ్ళు. ఆ రోజుల్లో బెంగుళూరు ఉత్తరాన హెచ్.ఎం.టి., బి.ఇ.ఎల్., తూర్పున హెచ్.ఎ.ఎల్., ఐ.టి.ఐ. అన్నీ మనుషుల్ని పిలుస్తున్నాయి. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి మనవాళ్ళు అట్లా వచ్చి ఇక్కడే నిలిచిపోయారు. మీలో చాలామంది ఇళ్ళ కథ కూడా ఇదే అయి ఉంటుంది. తాత పదమూడేళ్ళు సైకిలు తొక్కాడు. 1968లో, ఊళ్ళో తన వాటా చెనిక్కాయల చేను అమ్మిన డబ్బుతో, ఒక సెకండ్ హ్యాండ్ అంబాసిడర్ మార్క్ టూ కొన్నాడు. ఎం.వై.తో మొదలయ్యే నంబరు, అంటే అప్పటికింకా మైసూరు రాష్ట్రమే.

చేను అమ్మి కారు కొన్నందుకు అవ్వ చాన్నాళ్ళు సాధించిందట. తాత చెప్పిన కారణం ఒకటే: నెలకొకసారి ఊరికి పోయి తన తల్లిని చూసి రావాలి. యలహంక, దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వంద కిలోమీటర్ల పైచిలుకు. ఇప్పటిలా నున్నటి రోడ్డు కాదు. ముందు లారీ పోతుంటే ఎర్రదుమ్ములో దారి కనబడేది కాదని నాయన చెప్తాడు. ఊరు చేరేసరికి అందరి కనుబొమలూ ఎర్రగా ఉండేవట.

ఆ దుమ్మంతా మనుషుల మీదే కాదు, ఇంజను లోపలికీ పోతుంది. ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. పెట్రోలు ఒక వంతు సరిగ్గా మండాలంటే బరువులో దానికి దాదాపు పదిహేను వంతుల గాలి కావాలి. బెంగుళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడి గాలి పదోవంతు పలచన. మొత్తం కలిపి చూస్తే లీటరు పెట్రోలుకి సుమారు పదివేల లీటర్ల గాలిని ఇంజను పీలుస్తుంది. మా మారుతి ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు తిరుగుతుంది, ఊళ్ళో లీటరుకి పదహారు ఇస్తుంది. అంటే ఇంట్లో కూర్చునే ముసలి బండి కూడా ఏడాదికి పంతొమ్మిది లక్షల లీటర్ల గాలి తాగుతోంది. ఆ గాలిలోని దుమ్ములో ఎక్కువ భాగం ఇసుక జాతి రేణువులు. అవి సిలిండరు గోడకీ పిస్టన్ రింగుకీ మధ్య చేరితే గరుకు కాగితంతో రుద్దినట్టే. రింగులు అరిగితే ఆయిలు మండుతుంది, నీలం పొగ వస్తుంది, చివరికి బోరింగు ఖర్చు.

మొదట్లో వచ్చిన మోటారు కార్లకి గాలి ఫిల్టరు అనేదే లేదు. పొలాల్లో దుమ్ము తిని ట్రాక్టరు ఇంజన్లు తొందరగా చచ్చిపోతుంటే, అమెరికాలో ఫ్రాంక్ డోనాల్డ్‌సన్ అనే ఆయన 1915లో ట్రాక్టరు కోసం ఒక ఎయిర్ క్లీనరు తయారుచేశాడు. ఆయన పేరుతో పెట్టిన కంపెనీ నేటికీ ఫిల్టర్లే చేస్తోంది. ఆ తర్వాత వచ్చిన ఆయిల్ బాత్ పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచమంతా నడిచింది. తాత అంబాసిడర్‌లో ఉన్నదీ అదే.

చూడ్డానికి అది మూతపెట్టిన పప్పుగిన్నెలా ఉండేదట. అడుగున ఒక పళ్ళెంలో కొలత గీత దాకా ఇంజనాయిలు. గాలి పైనుంచి కిందికి దిగి, ఆయిలు మీద తగిలి, ఒక్కసారిగా పైకి తిరగాలి. గాలి తేలిక కాబట్టి తిరుగుతుంది. దుమ్ము బరువు కాబట్టి తిరగలేక ఆయిల్లో పడుతుంది. తప్పించుకున్నది పైన ఉన్న తీగల పీచులో, నూనె తడికి అంటుకుంటుంది. కొనాల్సింది ఏమీ లేదు. పళ్ళెంలో అడుగున బురద పేరుకుంటే పారబోసి, కిరసనాయిలుతో కడిగి, కొత్త ఆయిలు పోయడమే.

ఊరికి పోయి వచ్చిన ప్రతిసారీ ఆ కడిగే పని నాయనదే. అప్పుడాయనకి పదహారేళ్ళు. పెద్దకొడుకు, పైగా చిన్నాయన మరీ చిన్నవాడు. ఆదివారం పొద్దున పెరట్లో ఒక పాత అల్యూమినియం పళ్ళెం, అర లీటరు కిరసనాయిలు, ఒక షేవింగ్ బ్రష్షు. రేషన్ కిరసనాయిలు స్టవ్వుకే చాలడం లేదంటే బండికి పోస్తారా అని అవ్వ లోపలినుంచి అరిచేది. తాత ఆ కిరసనాయిలు కూడా పారబోయనిచ్చేవాడు కాదు. సీసాలో పోసి వారంపాటు కదలకుండా ఉంచితే మట్టి అడుగుకి దిగేది, పైన తేటని మళ్ళీ కడగడానికి వాడుకునేవారు. కడిగిన ప్రతిసారీ తాత డైరీలో తేదీ, కారు తిరిగిన దూరం రాసేవాడు. మెషిన్ షాపులో పనిచేసిన మనిషి కదా, రాయనిదేదీ జరిగినట్టు కాదు ఆయనకి.

ఈ ఊరికీ కార్లకీ ఉన్న సంబంధం గురించి ఒక మాట. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పూర్వీకులది మోక్షగుండం అని మనందరం గొప్పగా చెప్పుకుంటాం, ఆనకట్టల సంగతి చెప్పుకుంటాం. ఆయన 1930లలో, డెబ్బై దాటిన వయసులో, యూరప్, అమెరికా తిరిగి కార్ల ఫ్యాక్టరీలు చూసి వచ్చి, మన దేశంలో మోటారు పరిశ్రమకి పథకం వేశాడని చెప్పుకునేవాళ్ళు తక్కువ. వాల్‌చంద్ హీరాచంద్ దానికి తోడు నిలిచాడు. మైసూరు రాజ్యం సాయం చేయడానికి ముందుకొచ్చినా అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం సాగనివ్వలేదు. 1940లో వాల్‌చంద్ బెంగుళూరులో పెట్టింది విమానాల ఫ్యాక్టరీ, అదే ఈనాటి హెచ్.ఎ.ఎల్. ఆయన కార్ల కంపెనీ ప్రీమియర్ 1944లో బొంబాయిలో వచ్చింది. అట్లా కార్లు చేసే ఊరు కావలసిన బెంగుళూరు విమానాల ఊరైంది. ఆడుగోడిలో మైకో వచ్చాక స్పార్క్ ప్లగ్గులూ డీజిల్ పంపులూ ఇక్కడినుంచే దేశమంతా పోయాయి. తాత ఈ కథ చెప్పినప్పుడల్లా "కారు మనది కాకపోయినా అందులో నిప్పు మనదే" అనేవాడట.

అంబాసిడర్‌ని 1979లో అమ్మేశారు. తాత తల్లి పోయింది, ఊరి ప్రయాణాలు తగ్గాయి, పెట్రోలు ధర పెరిగింది. తర్వాత పద్నాలుగేళ్ళు ఇంట్లో కారు లేదు, స్కూటరే.

1993లో మారుతి వచ్చింది. కె.ఎ. 04 నంబరు. 796 సి.సి. ఇంజను, కార్బురేటరు. బానెట్ ఎత్తితే ఇంజను మీద నల్లటి గుండ్రటి డబ్బా, దాని ముక్కు మీద వేసవికి, చలికాలానికి తిప్పుకునే ఒక చిన్న మీట. బెంగుళూరులో దాన్ని ఎటు తిప్పాలో ఈనాటికీ మా ఇంట్లో ఏకాభిప్రాయం లేదు. ఆ డబ్బాలో మడతలు మడతలుగా పసుపు కాగితం ఫిల్టరు. తాత దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "కడిగేదెట్లా?" అని అడిగాడట. కడగకూడదు, పారేసి కొత్తది వేయాలని నాయన చెప్పాడు. తాతకి నచ్చలేదు.

కాగితం వెనుక న్యాయం ఉంది. 1950ల చివరినుంచి ప్రపంచమంతా కాగితానికి మారడానికి కారణం సోమరితనం ఒక్కటే కాదు. ఆయిల్ బాత్ పని గాలి వేగం మీద ఆధారపడి ఉంటుంది. బండి నెమ్మదిగా పోతున్నప్పుడు, ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు గాలికి ఆ విసురు ఉండదు, సన్నటి దుమ్ము పళ్ళెంలో పడకుండా దాటిపోతుంది. కాగితానికి ఆ బాధ లేదు, వేగమేదైనా ఆపుతుంది. పైగా మురికిపట్టిన కొద్దీ ఇంకా బాగా ఆపుతుంది, ఊపిరాడనంతగా మూసుకుపోయేదాకా.

అక్కడే మా ఇంట్లో ఒక మార్పు జరిగింది, ఎవరమూ గమనించలేదు. ఫిల్టరు మార్చడం సర్వీసువాళ్ళ పని అయిపోయింది. నాయన ఉద్యోగం, మా చదువులు, తర్వాత మా ఉద్యోగాలు. ఇంట్లో బానెట్ ఎత్తేవాళ్ళే లేరు. 2007 తర్వాత తుమకూరు రోడ్డు పొడుగునా మెట్రో పనులు జరిగాయి. యశవంతపురం, గోరగుంటెపాళ్య, పీణ్య అంతా తవ్వకాలే. సంపిగె రోడ్డు నుంచి పీణ్య దాకా రైలు 2014 మార్చి 1న నడిచింది. ఆ ఏళ్ళన్నీ మా బండి తిరిగింది ఆ దుమ్ములోనే. ఏడాదికొకసారి సర్వీసుకి ఇచ్చేవాళ్ళం, బిల్లులో "ఎయిర్ ఫిల్టర్ క్లీన్" అని ఉండేది. క్లీన్ అంటే కంప్రెసరు గాలి కొట్టడం. గట్టిగా కొడితే కాగితంలో కంటికి కనబడని చిల్లులు పడతాయి, అంచున జిగురు వదులుతుంది. అంటే మనం డబ్బిచ్చి మరీ జల్లెడ పెద్దది చేయించుకున్నట్టు. అది మాకు తెలిసేసరికి పదేళ్ళు ఆలస్యమైంది.

ఇక 2023కి వద్దాం. పాత బి.ఎస్.-2 ముందరి పెట్రోలు కార్లకి ఐడిలింగ్‌లో పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. మాది 4.8 వచ్చింది. మా మెకానిక్ మదనపల్లి మనిషి, ముప్ఫై ఏళ్ళుగా యశవంతపురంలో ఉన్నాడు. డబ్బా మూత విప్పి, ఫిల్టరు బయటికి తీసి, "సార్, ఇది చూడండి, మిర్చి బజ్జీ పెట్టిన పేపరు మాదిరి ఉంది" అన్నాడు. నిజమే. ఒక వైపంతా నల్లగా ఆయిలు పీల్చుకుని జిడ్డోడుతోంది. ఫిల్టరు లేకుండా మళ్ళీ కొలిపిస్తే 2.6.

ఇందులో కారణం తెలుసుకోవాల్సినది. పాత ఇంజన్లలో రింగుల పక్కనుంచి కొంత పొగ, ఆయిలు ఆవిరి కిందికి జారుతుంది. ఆ ఆవిరిని బయటికి వదలకుండా ఒక గొట్టం ద్వారా ఎయిర్ క్లీనరులోకే పంపుతారు, మళ్ళీ మండిపోవడానికి. ఇంజను ముసలిదయ్యేకొద్దీ ఆ ఆవిరి ఎక్కువై కాగితాన్ని తడిపేస్తుంది. తడిసిన కాగితంలోంచి గాలి పోదు. కార్బురేటరుకి గాలి తగ్గినట్టు తెలియదు, పెట్రోలు పోస్తూనే ఉంటుంది. దానికి తోడు బెంగుళూరు ఎత్తులో మిశ్రమం ఎప్పుడూ కాస్త చిక్కగానే ఉంటుంది. కొత్త కార్లలో కంప్యూటరు ఆ లెక్క సరిచేసుకుంటుంది. అందుకే ఫిల్టరు మూసుకుపోతే ఇంజెక్షన్ కార్లలో పికప్పు తగ్గుతుందే గానీ మైలేజీ పెద్దగా తగ్గదనీ, కార్బురేటరు కార్లలో మైలేజీ కూడా కొన్ని శాతాలు తగ్గుతుందనీ అమెరికా ఇంధనశాఖ పరీక్షల్లో తేలింది.

కాబట్టి కొత్త ఫిల్టరు కావాలి. ఏది?

నాయన, మాలో ఇద్దరం, చిన్నాయన కొడుకు కలిసి జె.సి. రోడ్డుకి పోయాం. టౌన్ హాలు నుంచి మినర్వా సర్కిల్ దాకా ఆ రోడ్డు సంగతి బెంగుళూరువాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏ కంపెనీ మూసేసినా ఆ బండి సామాను ఆ అంగళ్ళలో ఏదో ఒక అటక మీద ఉంటుంది. బేరం కన్నడంలో మొదలై ఉర్దూలో పెరిగి తెలుగులో తెగుతుంది. కాగితం ఫిల్టరు రెండు వందలు. ఒక అంగట్లో నూట ఇరవైకే ఇస్తామన్నారు, డబ్బా మీద పేరు అచ్చం అసలుదే. నాయన జేబులోంచి స్కేలు తీశాడు. మేం నవ్వాం. పాత ఫిల్టరు పక్కన పెట్టి కొలిస్తే కొత్తది ఎత్తు మూడు మిల్లీమీటర్లు తక్కువ. "ఈ మూడు మిల్లీమీటర్ల సందులోంచే దుమ్మంతా పోతుంది. కాగితం ఎంత మంచిదైతే ఏమి?" అన్నాడు. మూత బిగిస్తే రబ్బరు అంచు పైనా కిందా ఒత్తుకుని కూర్చోవాలి. కూర్చోకపోతే ఫిల్టరు లేనట్టే. ఫిల్టరు కొనేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే అని మాకు ఆరోజు తెలిసింది, బ్రాండు ఆ తర్వాత సంగతి.

చిన్నాయన కొడుక్కి శంఖంలా ఉండే బయటి ఫిల్టరు కావాలి, డబ్బా పీకేసి నేరుగా బిగించేది. బుస్సుమని శబ్దం వస్తుంది. శబ్దమే వస్తుంది. బానెట్ కింద ఇంజను వేడిగాలినే పీలుస్తుంది, వేడిగాలి ఇంకా పలచన. ముప్ఫై ఏడు గుర్రాల బండికి అది దేనికి? స్టీలు జాలీ ఫిల్టరు కూడా చూపించారు, జీవితకాలం గ్యారంటీ అన్నారు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతలి అంగడి బోర్డు చదవొచ్చు. పాత మోటార్ సైకిళ్ళలో ఉండే స్పాంజి లాంటిది కడుక్కోవచ్చు గానీ వేడికి కొన్నేళ్ళలో పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి పోయేది ఇంజన్లోకే.

మిగిలింది నూనె పూసిన కాటన్ ఫిల్టరు. నాలుగు పొరల పల్చటి గాజుగుడ్డ, రెండు వైపులా అల్యూమినియం జాలీ, మడతలు, చుట్టూ మెత్తటి రబ్బరు, ఎర్ర నూనె. కాలిఫోర్నియాలో కెన్ జాన్సన్, నార్మ్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు మోటార్ సైకిలు పందేల మనుషులు 1969లో ఈ తరహా ఫిల్టర్లతో పెట్టిన కంపెనీయే కె అండ్ ఎన్, ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు. తర్వాత చాలామంది అదే దారి పట్టారు. నాయన దాన్ని చేతిలోకి తీసుకుని, వేలితో నూనె తడిమి, వాసన చూసి, "ఇది నాయన పళ్ళెమే కదా! గుడ్డ రూపంలో వచ్చింది" అన్నాడు. ఇక్కడ ఆయన నాయన అన్నది మా తాతని.

ఆలోచిస్తే నిజమే. తీగల పీచుకి బదులు నూలు పోగు. దుమ్ముని రంధ్రం చిన్నది చేసి ఆపడం కాదు, నూనె తడికి అంటించుకోవడం. అందుకే గాలికి అడ్డు తక్కువ.

కానీ మా అక్క అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఆమె ఇరవై ఏళ్ళుగా పీణ్యలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తోంది. ఫిల్టర్లను కొలిచే పద్ధతికి ఐ.ఎస్.ఓ. 5011 అని ఒక ప్రమాణం ఉంది. కొలత తెలిసిన దుమ్ముని ఫిల్టరు మీదికి ఊది, ఎంత ఆగింది, ఎంత దాటింది తూకం వేస్తారు. మంచి కాగితం 99 శాతం పైనే ఆపుతుంది. కాటన్ ఫిల్టర్లకి తయారుచేసేవాళ్ళే 96 నుంచి 99 అని చెప్పుకుంటారు. "రెండు శాతమే కదా తేడా అనుకోవద్దు. వంద గ్రాముల దుమ్ములో కాగితం ఒక గ్రాము వదిలితే ఇది మూడు గ్రాములు వదలొచ్చు. ఇంజను తినేది ఆగినదాన్ని కాదు, దాటినదాన్ని. మూడింతలు" అంది. ఈ మాటకి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఈనాటికీ లేదు. కొత్త కారుకైతే, రోజూ దుమ్ములో తిరిగే బండికైతే మేం కూడా కాగితమే వేయమంటాం. గాలిని కొలిచే వేడితీగ సెన్సారు ఉన్న ఇంజెక్షన్ కార్లలో నూనె ఎక్కువైతే ఆ తీగకి అంటుకుని లెక్క చెడుతుంది, అది ఇంకో తలనొప్పి.

డబ్బు లెక్క కూడా కాటన్ పక్షాన లేదు. ఫిల్టరు, దాన్ని కడిగే సబ్బు, నూనె సీసా కలిపి ఐదు వేలు దాటింది. ఆ డబ్బుకి ఇరవై ఐదు కాగితం ఫిల్టర్లు వస్తాయి. ఏడాదికొకటి మార్చినా ఇరవై ఐదేళ్ళు.

అయినా కొన్నాం. ఒక కారణం, మా ఇంజను ఆవిరికి కాగితం ఎనిమిది నెలల్లో తడిసిపోతోంది, ఏ నెల తడిసిందో బయటికి తెలియదు. కడిగేదైతే విప్పి చూస్తాం. ఇంకో కారణం, ఈ బండి తిరిగేది ఏడాదికి మూడు వేలు, అదీ తారు రోడ్ల మీద. మూడో కారణం ఎవరమూ పైకి అనలేదు. నాయన ఆ ఫిల్టరుని కింద పెట్టలేదు.

మొదటి కడుగుడు బోల్తా కొట్టింది. రెండు నెలల తర్వాత చిన్నాయన కొడుకు ఉత్సాహంగా తానే చేస్తానన్నాడు. పెట్రోల్లో ముంచాడు, హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టాడు, నూనె సీసా సగం పోశాడు. మర్నాటికి డబ్బా అడుగున ఎర్ర మడుగు, కార్బురేటరు నోట్లో జిగురు, బండి దగ్గు. నాయన కోప్పడలేదు. మొత్తం విప్పించి, తుడిపించి, "ఇంక ఇది నా పని" అన్నాడు.

ఇప్పుడు ఆయన చేసే పద్ధతి ఇది. ముందు మెత్తటి బ్రష్షుతో పైదుమ్ము రాల్చడం. తర్వాత దానికని ఇచ్చే సబ్బు నీళ్ళు రెండు వైపులా చల్లి పది నిమిషాలు ఆగడం, ఆరిపోనివ్వకూడదు. తర్వాత కొళాయి సన్నధార కింద, లోపలినుంచి బయటికి కడగడం. బయటినుంచి కడిగితే మురికి శుభ్రంగా ఉన్న వైపుకి పోతుంది. కంప్రెసరు గాలి, ఎండ, హెయిర్ డ్రయ్యరు ఏదీ వద్దు. నీడలో తీగకి వేలాడదీసి ఒక పగలూ ఒక రాత్రీ. బాగా ఆరినాకే నూనె, ఒక్కో మడత మీద ఒక్క గీత. ఇరవై నిమిషాలకి నూలు దాన్ని పీల్చుకుని ఎర్రగా పాకుతుంది. ఎక్కడైనా తెల్లమచ్చ మిగిలితే అక్కడ మాత్రం ఇంకో చుక్క. మామూలు ఇంజనాయిలు పోయకూడదు, అది నూలుని పట్టుకుని ఉండదు.

తిరిగి బిగించేముందు ఫిల్టరు కూర్చునే అంచు చుట్టూ వేలితో పల్చగా గ్రీజు రాస్తాడు. అక్క కోసం ఒక పరీక్ష కూడా పెట్టాడు: వెయ్యి కిలోమీటర్లకొకసారి డబ్బా లోపల, ఫిల్టరు దాటినవైపు, తెల్ల గుడ్డతో తుడవడం. గుడ్డ మీద ఇసుక గరుకు తగిలితే కాటన్ తీసేసి కాగితం వేయాలని ఒప్పందం. డిక్కీలో కొలత సరిపోయిన కాగితం ఫిల్టరు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఇప్పటిదాకా గుడ్డ మీద ఆయిలు మరకే వచ్చింది, గరుకు తగల్లేదు. అక్క ఆ గుడ్డల్ని తేదీ వేసి ప్లాస్టిక్ కవర్లలో దాస్తోంది, ఇంకా నమ్మకం కుదరలేదు.

కార్బురేటరు కూడా శుభ్రం చేయించి మళ్ళీ ఎమిషన్ టెస్టుకి పోతే 1.9 వచ్చింది. ఎఫ్.సి. అయింది, ఆర్.సి. 2028 దాకా వచ్చింది. ఆ సాయంత్రం నాయన బండిలో కూర్చుని మామూలు ఐదు నిమిషాలకి బదులు అరగంట ఉన్నాడు.

ఆ ఏడాది ఆయుధపూజకి ముందురోజు పెరట్లో నీడన ఫిల్టరు వేలాడుతోంది. బూడిద గుమ్మడికాయ, అరటి పిలకలు, చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు అన్నీ తెచ్చి పెట్టాం. పూజ సామాను కోసం అటక మీద వెతుకుతుంటే తాత డైరీ దొరికింది. అట్ట చెదలు తిన్నాయి, లోపల పేజీలు బాగానే ఉన్నాయి. చివరి కడుగుడు 1979 జనవరిలో, అంబాసిడర్‌ని అమ్మడానికి రెండు నెలల ముందు. అమ్మే బండికి కూడా కడిగి పెట్టాడు. పూజ అయినాక నాయన కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ లైను కింద ఒక గీత గీసి, మారుతి నంబరు వేసి, తేదీ, కిలోమీటర్లు రాసి, పక్కన తాత రాసే మాటే రాశాడు: "కడిగినాము, బాగుంది."